పాత కంప్యూటర్: ఏది దించాలి, ఏది ఉంచాలి

(సంఘం వార్షిక సభలో కంప్యూటర్ కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

గత ఏడాది ఇదే సభలో ఒక దాత లేచి ఒక ప్రశ్న అడిగారు. "మేమిచ్చిన కంప్యూటర్లు ఏమయ్యాయి? పనిచేస్తున్నాయా, మూలన పడ్డాయా?" అని. ఆ రోజు మేము "పనిచేస్తున్నాయండీ" అని కూర్చున్నాము. అది సగం నిజమే. మిగతా సగం ఈ రోజు చెప్పాలని వచ్చాము. మీరిచ్చింది మా దగ్గర అమానత్. అమానత్‌కు లెక్క చెప్పేటప్పుడు లాభం ఒక్కటే చెప్పి నష్టం దాచడం తగదు.

మీరిచ్చినవి చాలావరకు దుకాణాల్లో, ఆఫీసుల్లో వాడి తీసేసిన యంత్రాలు. కొన్నింటిలో విండోస్ ఎక్స్‌పీ, ఎక్కువ వాటిలో విండోస్ 7, కొన్నింటిలో విండోస్ 10. ర్యామ్ కొన్నింటికి 1 జీబీ, కొన్నింటికి 2, బాగున్న వాటికి 4. సారపాక నుండి గోదావరి బ్రిడ్జి దాటి భద్రాచలంలో కొన్ని పెట్టాము. దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి అంచు ఊళ్ళకు కొన్ని పంపాము. స్విచ్ వేసి, టీ తాగి వచ్చినా తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉండేది. పిల్లలు వరుసలో కూర్చుని ఆ గుండ్రాన్ని చూసేవారు.

ఈ కంప్యూటర్లతో అక్కడ పని ఏమిటని కొందరు అడుగుతారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. షాదీ ముబారక్ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పరీక్షల హాల్‌టికెట్లు, ఫలితాలు, సీట్ల కౌన్సెలింగ్ అన్నీ ఆన్‌లైన్‌లోనే. ఫోనులో చేయవచ్చు కదా అంటే, చిన్న తెర మీద పొడవాటి ఫారం నింపి, పత్రాలు సరైన కొలతకు తగ్గించి ఎక్కించి, చివర రసీదు ప్రింటు తీయడం ఎంత కష్టమో చేసినవారికి తెలుసు. అందుకే ఆ గదిలో ఉన్న నాలుగు యంత్రాల మీద చుట్టుపక్కల ఊళ్ళు ఆధారపడతాయి.

మేము చేసిన తప్పు

యంత్రాలు నెమ్మదిగా ఉన్నాయని మా కుర్రాళ్ళలో చురుకైనవాడు ఒకడు ఒక ఉపాయం చేశాడు. విండోస్ 7ను ఎవరో కత్తిరించి 'లైట్' అని పేరుపెట్టి నెట్‌లో పెట్టిన కాపీ తెచ్చి ఎక్కించాడు. యంత్రం పరుగందుకుంది. మేమంతా వాడి భుజం తట్టాము. అందులో ఏమి తీసేశారో మాలో ఒక్కరమూ అడగలేదు.

కొన్నాళ్ళకు స్కాలర్‌షిప్‌కు ఆఖరి రోజు ఒక తల్లి, ఇంటర్ చదివే కూతురిని వెంటబెట్టుకుని దూరం ఊరి నుండి బస్సులో వచ్చింది. భర్త లేడు, కుట్టుపని మీద బతుకు. ఆ ఉదయం కరెంటు పోయి వచ్చింది. యంత్రంలో ఉండే చిన్న గుండు బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది కాబట్టి తారీఖు ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. తారీఖు తప్పయితే సురక్షితమైన సైట్లు తెరుచుకోవు. సైటు తన గుర్తింపు పత్రం చూపిస్తుంది, యంత్రం తన తారీఖుతో పోల్చి "ఈ పత్రం చెల్లదు" అంటుంది. అది మాకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. తారీఖు సరిచేస్తే సైటు వచ్చింది, కానీ తెలుగులో ఉండవలసిన చోటల్లా డబ్బాలు కనిపించాయి. ఆ 'లైట్' కాపీలో తెలుగు ఫాంటు తీసేశారు. ఊహించి నింపాము. ప్రింటు నొక్కితే రాలేదు. ప్రింటింగ్ చూసుకునే భాగం కూడా తీసేశారు. రసీదు లేదని, వివరాలు సరిచూసుకుందామని వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టేలోపు గడువు దాటిపోయింది.

ఆ తల్లి మమ్మల్ని తిట్టలేదు. "భయ్యా, కంప్యూటర్ మంచి స్పీడుగా ఉందన్నారు కదా, మరి కాగితం ఎందుకు రాదు?" అని మాత్రం అడిగింది. దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయి ఆ ఏడాది స్కాలర్‌షిప్ పోగొట్టుకుంది. ఫీజు సంఘం నుండి కట్టాము. అంటే మా తప్పుకు మీ డబ్బు ఖర్చయింది. ఇది మా లెక్కలో రాసుకున్నాము, మీ ముందు చెబుతున్నాము.

ఇందులో ఇంకో తప్పు కూడా ఉంది. ఆ కాపీకి లైసెన్సు లేదు. హలాల్ సంపాదనలో నుండి మీరిచ్చిన యంత్రంలో మేము దొంగ సరుకు ఎక్కించాము. పైగా ముక్కూముఖం తెలియనివాడు కోసి కుట్టిన కాపీలో లోపల ఏమి దాచాడో ఎవరికి తెలుసు? దాని మీదే ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు కొట్టించాము. ఆ వారంలోనే ఆ కాపీలన్నీ తీసేశాము.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే

పెద్దల కోసం కాస్త వివరంగా చెబుతాము. దావత్ వంట తెలియనివారు ఇక్కడ లేరు. బావర్చీ ముందు ఒక బల్ల ఉంటుంది. పక్కన సామాన్ల గది ఉంటుంది. అప్పటికప్పుడు కావలసినవి బల్ల మీద ఉంటాయి, మిగతావి గదిలో ఉంటాయి. కంప్యూటర్‌లో బల్ల అంటే ర్యామ్, గది అంటే హార్డ్ డిస్క్. ఏది ఎప్పుడు బల్ల మీదికి రావాలి, ఏ పొయ్యి ఎవరికి ఇవ్వాలి అని నడిపించే పెద్ద బావర్చీయే ఆపరేటింగ్ సిస్టమ్.

బల్ల చిన్నదై, దాని మీద ఎవరూ అడగని డబ్బాలు పేరుకుంటే ఏమవుతుంది? ఉల్లిపాయ తరగడానికి చోటుండదు. ఒక గిన్నె గదిలో పెట్టి ఇంకోటి తెచ్చుకోవాలి, మళ్ళీ అది పెట్టి ఇది తెచ్చుకోవాలి. ర్యామ్ నిండినప్పుడు కంప్యూటర్ చేసేది ఇదే. కొంత సమాచారాన్ని డిస్క్ మీదికి నెట్టి మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటూ ఉంటుంది. డిస్క్ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. అందుకే ఆ గుండ్రం తిరుగుతూ ఉంటుంది.

బల్ల ఎందుకు చాలడం లేదో అంకెలు చూస్తే తెలుస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ ర్యామ్ చాలన్నారు. 2009లో వచ్చిన విండోస్ 7కు కనీసం 1 జీబీ. 2021లో వచ్చిన విండోస్ 11కు కనీసం 4 జీబీ. ఇరవై ఏళ్ళలో కనీస అవసరం 64 రెట్లయింది. ఈ కాలంలో యంత్రం చెడిపోలేదు. దాని మీద పెట్టే బరువు పెరిగింది. యంత్రం పాతదైందని మనం పారేసే వాటిలో చాలా వాటికి అసలు జబ్బు ఇదే.

అయితే బరువు దించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళం. పడవలో బరువు ఎక్కువైతే మూటలు దించుతాము. తెడ్డు దించము. ఆ 'లైట్' కాపీ చేసినవాడు మూటలతో పాటు తెడ్డు కూడా దించేశాడు. వాడికి తెలుగుతో పని లేదు, ప్రింటుతో పని లేదు. మనకు ఉంది.

మేము దించినవి

ఇప్పుడు మేము చేసే పద్ధతి చెబుతాము. ఇళ్ళలో, దుకాణాల్లో పాత యంత్రాలున్నవారికి కూడా ఇది పనికొస్తుంది.

ముందుగా యంత్రంలో ఉన్న ముఖ్యమైన ఫైళ్ళను వేరే చోట దాచుకుంటాము. తరువాత మూత తీసి దుమ్ము దులుపుతాము. ఫ్యాను దుమ్ముతో మూసుకుపోతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. గుండు బ్యాటరీ మారుస్తాము. దాని పేరు సీఆర్2032, దుకాణంలో కొద్ది రూపాయలకే దొరుకుతుంది. కరెంటు కోతలున్న మన ఏజెన్సీలో ఈ చిన్న బ్యాటరీ విలువ మాకు ఆ అమ్మాయి విషయంలో తెలిసింది.

మూడోది, వాడని ప్రోగ్రాములు తీసేయడం. గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్‌లు, ఒకటికి రెండు యాంటీవైరస్‌లు, బ్రౌజర్‌కు తగులుకున్న టూల్‌బార్‌లు, ఎవరూ ఆడని ఆటలు. నాలుగోది, స్విచ్ వేయగానే తమంతట తాము లేచే ప్రోగ్రాములు. విండోస్ 10లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ అనే చోట ఆ జాబితా ఉంటుంది. అవసరం లేనివాటిని అక్కడ ఆపవచ్చు. ఇలా ఆపితే ప్రోగ్రాము పోదు, పిలిచినప్పుడే వస్తుంది. అయిదోది, డిస్క్ క్లీనప్‌తో తాత్కాలిక ఫైళ్ళు తీసేయడం. డిస్క్ నిండా నిండితే సవరణలు కూడా ఎక్కవు.

ఆరోది, కిటికీలు జారుతూ తెరుచుకోవడం, నీడలు పడడం వంటి సింగారాలు. పర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో 'బెస్ట్ పర్ఫార్మెన్స్' ఎంచుకుంటే అవన్నీ ఆగిపోతాయి. కానీ దానితో పాటు అక్షరాల అంచులను నునుపు చేసే పని కూడా ఆగిపోతుంది. ఇంగ్లీషుకు అది పెద్ద ఇబ్బంది కాదు. తెలుగులో ఒత్తులు, గుడులు గరుకుగా తయారై చదవడం కష్టమవుతుంది. అందుకని ఆ జాబితాలో 'స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్' అన్న టిక్కు ఒక్కటి మళ్ళీ పెడతాము.

మేము ముట్టనివి

తెడ్డు అని మేము పిలుచుకునేవి అయిదు. గోడ మీద రాసి పెట్టాము. భాషలు, ఫాంట్లు. ప్రింటింగ్ చూసుకునే ప్రింట్ స్పూలర్. తారీఖు, సమయం. భద్రతా సవరణలు. వైరస్ నుండి కాపాడే రక్షణ. వేగం కోసం వీటిలో దేనినీ ఆపకూడదు. ఎవరైనా ఆపితే ఎందుకు ఆపారో పుస్తకంలో సంతకం చేసి రాయాలి.

భాషల విషయంలో ఒక ముచ్చట చెప్పాలి. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా రావాలంటే రీజినల్ సెట్టింగులలో ఒక టిక్కు పెట్టి సీడీ వేయాలి. 'కాంప్లెక్స్ స్క్రిప్ట్, రైట్ టు లెఫ్ట్ లాంగ్వేజెస్' అని అక్కడ ఉంటుంది. ఒత్తులు, గుణింతాలు కలిసే తెలుగు మొదటి మాట కిందికి వస్తుంది. కుడి నుండి ఎడమకు రాసే ఉర్దూ రెండో మాట కిందికి వస్తుంది. టిక్కు మాత్రం ఒక్కటే. ఆ రోజుల్లో ఎన్‌లైట్ అనే సాధనంతో ఎక్స్‌పీని ఎక్కించకముందే కత్తిరించుకునేవారు. కొద్ది ఎంబీలు మిగులుతాయని ఆ భాగాన్ని కోసేస్తే, మన ఇంట్లో మాట్లాడే భాష, మన ఊరు మాట్లాడే భాష రెండూ ఒకే దెబ్బకు పోతాయి. ఎక్కడో కూర్చుని కత్తిరించేవాడికి అవి రెండూ అదనపు బరువే. అందుకే కత్తెర మన చేతిలో ఉండాలి.

మూడు హెచ్చరికలు

ఎంత తగ్గించినా ఎప్పుడో ఒకప్పుడు పాత సిస్టమ్‌ను వదలక తప్పదు. ఎప్పుడు వదలాలన్నది భద్రాచలం వారికి సులభంగా చెప్పవచ్చు. గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71.3 అడుగులు చూశాము. హెచ్చరిక వినక కూర్చున్న ఇళ్ళలో ఏమి మిగిలిందో కూడా చూశాము.

కంప్యూటర్‌కు మొదటి హెచ్చరిక నెమ్మదించడం. దానికి పైన చెప్పిన మందులు చాలు. చాలకపోతే ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి పెడితే యంత్రం కొత్తదానిలా లేస్తుంది. తిరిగే పళ్ళెం లేని డిస్క్ కనుక దానిలో వెతుకులాట చాలా వేగం.

రెండో హెచ్చరిక కొత్త బ్రౌజర్ ఎక్కకపోవడం. విండోస్ 7 మీద పనిచేసే ఆఖరి క్రోమ్ 109. అది 2023 నాటిది. ఆ తరువాతవి దాని మీద ఎక్కవు. ఇప్పుడు బాగానే నడిచే సైటు రేపు ఆగిపోవచ్చు.

మూడో హెచ్చరిక కంపెనీ భద్రతా సవరణలు ఆపేయడం. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న ఆగాయి. విండోస్ 7కు 2020 జనవరి 14న ఆగాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. ఇళ్ళలో వాడేవారు నమోదు చేసుకుంటే మరో ఏడాది సవరణలు అందే ఏర్పాటు మాత్రం చేశారు. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. మనకు వచ్చే పాత యంత్రాలలో చాలావాటికి ఆ అర్హత లేదు. మూడో హెచ్చరిక దాటిన యంత్రాన్ని ఎంత పలుచగా చేసినా నెట్‌కు కలపకూడదు. అక్కడ సన్నబరచడం మందు కాదు, ఇల్లు మారడమే మందు.

ఇల్లు మారిన తరువాత

ఆ ఇల్లు లినక్స్. ఉచితం, లైసెన్సు కొనే పని లేదు, ఎవరికైనా కాపీ చేసి ఇవ్వడానికి దాని లైసెన్సే అనుమతి ఇస్తుంది. దొంగ సరుకు అనే బాధ లేదు. 4 జీబీ యంత్రాలకు లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం, 2 జీబీ వాటికి లుబుంటు పెట్టాము. మన దేశంలో సీడాక్ సంస్థ బాస్ లినక్స్‌ను తయారుచేసింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే చదువుకుంటున్నారు. మన తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు డెబియన్ ఆధారంగా తెలుగు మాటలతో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు. అంటే మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, ముందు నడిచినవారి బాటలో నడిచాము.

32 బిట్ యంత్రాలకు మాత్రం ఆ దారి కూడా ఇరుకవుతోంది. 2025లో వచ్చిన డెబియన్ 13ను పాత 32 బిట్ పీసీల మీద కొత్తగా ఎక్కించలేము. అలాంటి యంత్రం ఇవ్వాలనుకునేవారు ముందు మమ్మల్ని అడగండి.

నెట్ సరిగా అందని ఊళ్ళలో కివిక్స్ అనే ప్రోగ్రాము పెట్టాము. దానితో తెలుగు వికీపీడియాను డిస్క్‌లో దాచుకుని నెట్ లేకుండానే చదవవచ్చు. కోయ పిల్లలు, మన పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని నదుల గురించి, గ్రహాల గురించి తెలుగులో వెతుక్కుంటున్నారు. చిన్నపిల్లలకు టక్స్ పెయింట్, జీకాంప్రీ ఉన్నాయి. ఉర్దూ నస్తాలీఖ్ ఫాంటు కూడా పెట్టాము.

తల్లిదండ్రులు ఒక మాట అడిగారు. "రేపు నౌకరీకి పోతే విండోస్ వచ్చా, ఎక్సెల్ వచ్చా అని అడుగుతారు. మా పిల్లలను ఎవరూ వాడని దాంట్లో కూర్చోబెడతారా?" అని. అది న్యాయమైన ప్రశ్న. లిబ్రే ఆఫీస్‌లో లెక్కల పట్టీ నేర్చినవాడికి ఎక్సెల్ పట్టుబడడానికి ఎక్కువ కాలం పట్టదని చెప్పాము. మాట ఒక్కటే చాలదని, ప్రతి సెంటర్‌లో ఒక యంత్రం లైసెన్సు ఉన్న విండోస్‌తోనే ఉండేలా నిర్ణయించాము. పదో తరగతి దాటిన పిల్లలు వంతుల వారీగా దాని మీద కూర్చుంటారు. పేద పిల్లలకు తక్కువ రకం ఇచ్చాము అనిపించుకోవడం మాకు ఇష్టం లేదు.

ఒక ఎక్స్‌పీ యంత్రాన్ని మాత్రం ఖమ్మం ఆఫీసులో అలాగే ఉంచాము. ఈ సావనీర్ కంపోజింగ్ దాని మీదే జరుగుతుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్ అందులో ఏళ్ళ నుండి ఉన్నాయి. పాత సంచికల ఫైళ్ళన్నీ వాటిలోనే తెరుచుకుంటాయి. అందులో నెట్‌కు సంబంధించినవన్నీ తీసేశాము, సింగారాలన్నీ తీసేశాము, ఫాంట్లను, ప్రింటింగ్‌ను ముట్టలేదు. నెట్ తీగ ఎప్పుడూ తగిలించము. పెన్‌డ్రైవ్ వేరే యంత్రంలో తనిఖీ చేశాకే దానికి పెడతాము. మూడో హెచ్చరిక దాటిన యంత్రం బతకగలిగేది ఇలా తలుపు మూసుకుని ఉన్నప్పుడే.

దాతలకు విన్నపం

పెద్దలారా, మూలన పడేసినదాన్ని బండిలో వేసి పంపితే మీ గది ఖాళీ అవుతుంది, మా గది నిండుతుంది. అంతవరకే అయితే అది దానం కాదు. ఆ యంత్రం ఒక పిల్ల దరఖాస్తు గడువులోపు పంపగలిగినప్పుడు మీ దానం పూర్తవుతుంది. ఆ మధ్య దూరానికి డబ్బు కంటే ఎక్కువగా ఓపిక కావాలి, పని తెలిసిన చేతులు కావాలి.

అందుకని ఈ ఏడాది మేము కొత్త కంప్యూటర్ల పెద్ద జాబితా తీసుకురాలేదు. నాలుగే అడుగుతున్నాము.

మొదటిది, పాత యంత్రం ఇచ్చే ముందు దానిలోని సమాచారం. మీ దుకాణం యంత్రంలో ఖాతాదారుల ఆధార్ కాపీలు, బాకీల లెక్కలు ఉండవచ్చు. డిలీట్ నొక్కితే అవి పోవు, వెలికితీయవచ్చు. అవి ఇతరుల అమానత్. డిస్క్ పూర్తిగా తుడిచే సాధనం మా దగ్గర ఉంది. మీ ఎదుటే తుడిచి ఇస్తాము.

రెండోది, ప్రతి యంత్రంతో పాటు ఒక ఎస్‌ఎస్‌డి, వీలైతే కాస్త ర్యామ్, ఒక గుండు బ్యాటరీ. ధరలు మారుతుంటాయి కనుక ఇక్కడ అంకె చెప్పడం లేదు. కొన్న రోజు బిల్లు మీ పేరు మీదే మీకు అందుతుంది.

మూడోది, అడవి అంచు సెంటర్లలో ఇద్దరు స్థానిక యువకులకు నెలసరి గౌరవ వేతనం. యంత్రం సన్నబడ్డాక కూడా దానిని చూసుకునే మనిషి కావాలి. సవరణలు ఎక్కించాలి, తారీఖు చూడాలి, ప్రింటు వస్తుందో లేదో ప్రతి సోమవారం ఒక కాగితం తీసి చూడాలి. తప్పు చేసిన ఆ కుర్రాడే ఇప్పుడు ఈ పని నేర్పుతున్నాడు. వాడిని మేము తీసేయలేదు. తప్పు వాడిది ఒక్కడిదే కాదు, అడగకుండా భుజం తట్టిన మా అందరిదీ.

నాలుగోది, పనికిరాదని తేలిన యంత్రాన్ని మాకు ఇవ్వకండి, తుక్కు బండికీ వేయకండి. రాగి కోసం తీగలు కాల్చితే ఆ విషపు పొగ పీల్చేది పేదవాడి పిల్లలే. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లకే అప్పగించాలి. మీరు చెబితే అన్నీ ఒకచోట చేర్చి పంపే ఏర్పాటు మేము చేస్తాము.

ఇస్రాఫ్ చేయవద్దని చిన్నప్పటి నుండి విన్నాము. పళ్ళెంలో అన్నం వదలకపోవడం ఒక్కటే కాదు, ఇంకా పదేళ్ళు పనిచేయగల యంత్రాన్ని పారేయకపోవడం కూడా దానిలోకే వస్తుందని మా నమ్మకం. అయితే పొదుపు పేరుతో పేదవాడికి పనికిరానిది అంటగట్టడం కూడా తప్పే. ఈ రెంటి మధ్య సరైన దారి వెతుక్కుంటూ ఈ ఏడాది గడిచింది.

ఆ తల్లి మొన్న మళ్ళీ వచ్చింది. కూతురు డిగ్రీలో చేరింది, మళ్ళీ స్కాలర్‌షిప్ దరఖాస్తు. ఈసారి గడువుకు చాలా ముందే వచ్చింది, మా మీద పూర్తి నమ్మకం ఇంకా కుదరలేదేమో. అదే పాత యంత్రం, లోపల లినక్స్. తెలుగు తెలుగులాగే కనిపించింది. ప్రింటరు నుండి రసీదు వచ్చింది. ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు మడిచి పర్సులో పెట్టుకుని, "ఈసారి కాగితం వచ్చింది భయ్యా" అని వెళ్ళిపోయింది.

గత ఏడాది ప్రశ్న అడిగిన దాతగారికి మా జవాబు ఇది. కొన్ని పనిచేస్తున్నాయి. కొన్నింటిని మేము పాడుచేసి మళ్ళీ బాగుచేశాము. కొన్ని బాగుపడవు. ఏవి ఏమిటో యంత్రం వారీగా పట్టీ బయట బల్ల మీద ఉంది. దయచేసి చూసి, అడగవలసినవి అడిగి వెళ్ళండి.